నకరికల్లులో నేను నేర్చిన కట్టు

నరసరావుపేటనుండి పిడుగురాళ్ల వైపు పోవు బస్సెక్కినవారికి కొంతదూరము గడచినంతనే పట్టణపు సందడి వెనుకబడి, బాటకిరువైపుల పత్తిచేలును, మిరపచేలును గానవచ్చును. ఆ దారిలోనే నకరికల్లు గలదు. అద్దంకినుండి నార్కెట్‌పల్లికి పోవు పెద్దబాట మా యూరిమీదుగా పోవుటచే రాత్రింబవళ్లు లారీల రొద వినబడుచునే యుండును. పూర్వము మాది గుంటూరు జిల్లా. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో పల్నాడు జిల్లా యేర్పడినది మొదలు నరసరావుపేటయే మాకు ముఖ్యపట్టణమైనది.

సోదరీమణులారా! ఒక యూరిని గూర్చి వ్రాయవలెనన్న గుడిని, చెరువును, కొండను వర్ణించుట వాడుక. నేనును గుడిని గూర్చి వ్రాసెదను. కాని అంతకుముందు ఈ సీమ స్త్రీలు కట్టు బట్టలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఏలయన, నాకు తగిన కట్టు ఏదియో నేను తెలిసికొన్నది ఏ పట్టణపు అంగడిలోను గాదు, ఈ యూరిలోనే.

పల్నాడనగా జొన్నకూడును, నీటి యెద్దడియు శ్రీనాథుని చాటువులవలన అందరికిని జ్ఞప్తికి వచ్చును. మా యత్తగారి చిన్ననాడును అట్లేయుండెనట. 1967వ సంవత్సరము ఆగస్టులో నాగార్జునసాగరపు కాలువలకు నీరు విడిచిన పిమ్మట ఈ ప్రాంతపు రూపు మారినది. జొన్నచేలున్న చోటులనేకము మిరపచేలైనవి. మాఘమాసము వచ్చెననగా కోతలు ముమ్మరమగును. ఊరివెలుపలి కల్లములు ఎఱ్ఱని తివాచీలు పరచినట్లుండును. ఆ ఘాటునకు బస్సులోనివారు సైతము తుమ్ముదురు.

ఆ దినములలో తెల్లవారకముందే కూలిస్త్రీలు ఆటోలలో క్రిక్కిరిసి కూర్చుండి చేలకు బయలుదేరుదురు. చీరమీద మగవారి నిండుచేతుల చొక్కా, తలకు తువ్వాలు, చేతిలో అన్నపు క్యారియరు. ఇది వారి వేషము. నేనీ యూరికి కాపురమునకు వచ్చిన క్రొత్తలో కిటికీలోనుండి ఆ వేషమును జూచి నవ్వుకొంటిని. ఆ నవ్వునకు సిగ్గుపడవలసిన దినము తరువాత వచ్చినది.

మా తాతగారు నాకు ఇంటివద్దనే అమరమును, రఘువంశమును, మనుచరిత్రమును జెప్పిరి. వారి యరుగుమీద కూర్చుండి నేను చదివిన కావ్యములలో నాయికల పట్టుపుట్టములకును, వన్నెచీరలకును లోటు లేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వస్త్రముల పేర్లనే వరుసగా నేకరువు పెట్టియున్నాడు. ఆ పేర్లన్నియు కంఠస్థము చేసిన నాకు, నెలజీతముపై బ్రతుకు బడిపంతులుగారి భార్య పెండ్లిపేరంటములకు ఏమి కట్టుకొని పోవలెనో మాత్రము తెలియకపోయెను. అది ఏ కవియు చెప్పలేదు.

తెలియనివారు చేయునట్లే నేనును చేసితిని. ఇతరులను జూచి కట్టసాగితిని. మావారితో పనిచేయు ఒక ఉపాధ్యాయుని భార్య పట్టణమునుండి వచ్చినది. ఆమె కట్టునదెల్ల నాకు వేదమయ్యెను. ఆమె పచ్చనిమనిషి, పొడగరి. నేను చామనచాయదానను, పొట్టిదానను. ఆమె కట్టిన లేతగులాబిరంగు నాకు వెలవెలబోయినట్లుండెను. అయినను ఆ రంగే కొంటిని. ఆమెకు అందమైన పెద్దపెద్ద పూవులు నామీద చాపమీద పరచినట్లుండెను. అయినను ఆ పూవులే కొంటిని.

పదియేండ్ల క్రిందట పేటలో బంధువులింట పెండ్లి వచ్చినది. ఇంటింటికి తిరిగి వాయిదాలమీద చీరలమ్ము నామెవద్ద రాళ్లు పొదిగిన వలచీర నొకదానిని మావారికి జెప్పకయే తీసికొంటిని. పెండ్లిలో పలువురు మెచ్చిరి. “మీరేనా, గుర్తుపట్టనే లేదు” అని యొకరనిరి. ఆనాడు ఆ మాట నాకు పొగడ్తగా దోచినది. మెడవద్ద రాళ్లు గీచుకొనుచుండెను; వంగుటకు లేదు, నేలమీద కూర్చుండుటకు లేదు. అప్పటికి మా యమ్మాయికి నాలుగేండ్లు. రాత్రి భోజనములైన పిమ్మట నిద్రమత్తులో నా భుజముమీద తల వాల్చినది. కొంతసేపటికి కెవ్వుమని లేచినది. చూతునుగదా, చెక్కిలిమీద రాళ్లు గీరి రక్తపుచారలు! పరాయి యాడుదాని మెత్తని నూలుచీరమీద బిడ్డను పడుకొనబెట్టి, నేను ప్రక్కన బొమ్మవలె నిలుచుంటిని.

ఆ చీర వాయిదాలు తీరుటకు ఏడు నెలలు పట్టినది. పాలఖాతాలో కొంత, పచారు సామానులో కొంత తగ్గించి కట్టితిని. మావారికి తెలిసినప్పుడు ఆయన కోపింపలేదు. “నాతో చెప్పియుండవలసినది” అని మాత్రమనిరి. కోపించినను ఇంత బాధయుండెడిది కాదు.

ఇంతకంటె పెద్దతప్పు ఇంకొకటి చేసితిని. మా యమ్మ పోయినప్పుడు ఆమె చీరలు నాలుగు నాకు వచ్చినవి. అన్నియు మంగళగిరి నూలుచీరలు. ఒళ్లంతయు సాదా, అంచున సన్నని జరీ. అవి ముసలివారి చీరలని నేను పెట్టె యడుగున త్రోసితిని. పాతబట్టలకు స్టీలు సామానిచ్చు మనిషి ఒకనాడు వీధిలో కేకవేసినది. పాతవాటితోపాటు వానినిగూడ మూటగట్టి యిచ్చి, ఒక బేసిను తీసికొంటిని. బేరము గిట్టినదని సంతోషించితిని. ఆ బేసిను నేటికిని మా వంటయింట నున్నది. బియ్యము కడుగునప్పుడెల్ల అది నన్ను జూచును.

కొంతకాలమునకు మా పెరటిపనికి వచ్చు నొక స్త్రీ మిరపకోతల దినములలో పని మానినది. కోతలైన పిమ్మట వచ్చినప్పుడు మాటలలో నేనా చొక్కా సంగతి యడిగితిని. ఆమె నావైపు వింతగా జూచినది. “మిరపచేలో పొద్దంతా ఉంటే చేతులు మండిపోవా అమ్మగారూ? ఎండ, ఘాటు, కొమ్మల గీరుళ్లు. మా ఆయన పాత చొక్కా తొడుక్కుంటే ఏ బాధా లేదు. పత్తి తీసేటప్పుడూ అంతే” అనినది. మరి లోపల అంత మంచి వంగపండురంగు చీర యెందులకు, ఎవరికి కనబడునని నేనంటిని. ఆమె నవ్వి, “చొక్కా పనికి. చీర నాకు. ఆ రంగంటే నాకిష్టం” అని చెప్పి, చీపురు పుచ్చుకొని పోయినది.

ఆ మాట నన్ను చాలదినములు వదలలేదు. నేను నవ్వుకొన్న ఆ వేషములో పని యేమి కోరునో, ఎండ యేమి కోరునో, తన మనసేమి కోరునో అన్నియు నమరియున్నవి. నా బీరువాలోని చీరలలో నా పని, నా యెండ, నా మనసు కోరినది ఒక్కటియు లేదు.

అప్పుడు నాకొక సందేహము కలిగినది. పెద్దలనాటి కట్టే మన కట్టని కొందరందురు. నాగరికుల కట్టే కట్టని కొందరందురు. ఇందు ఏది నిజము? నేను చదివినంతలో చెప్పెదను. అమరావతి, నాగార్జునకొండ శిల్పములను జూచినచో ఆనాటి స్త్రీలు నడుమున అంతరీయమును, దానిపై మేఖలను ధరించిరి; రవిక కానరాదు. మన ముత్తవ్వల గోచికట్టు వేరు. నేడు మనమందరము సనాతనమనుకొను లోపావడ, రవికలతోడి కుచ్చెళ్లకట్టు ఇటీవలిదే. 1860 తరువాత వంగదేశమున సత్యేంద్రనాథ టాగూరుగారి భార్య జ్ఞానదానందినీదేవి, భర్తతో బొంబాయి సీమలో నివసించి, అచటి పార్సీ స్త్రీల కట్టును జూచి, ఇల్లు వెడలి నలుగురిలోనికి పోవుటకు వీలగునట్లు తన చీరకట్టును దిద్దుకొన్నది. అట్టి కట్టే క్రమముగా దేశమంతట వ్యాపించినది. ఆమెకు బయటికి పోవలసిన పని కలిగినది. ఆ పనికి తగిన కట్టును తానే కల్పించుకొన్నది. మా పెరటిపని యామె చొక్కా తొడిగికొనుటయు నట్టిదే గదా! కావున కట్టు మార్చుట పాపము కాదు. మార్పునకు కారణము మనదై యుండవలెను.

శివరాత్రి వచ్చినది. ఆనాడు మా ప్రాంతపు జనమంతయు ప్రభలను జూచుటకు కోటప్పకొండకు పోవుదురు. మా యత్తగారు గుంపులో నడువలేనని, చేజర్లకు పోదమనిరి. చేజర్ల మా నకరికల్లు మండలములోని గ్రామమే. బయలుదేరుటకు నేను పూవులచీర తీయుచుండగా ఆమె తన పెట్టె తెఱచి ఒక చీర నా చేతికిచ్చిరి. మా యమ్మ చీర! చిలుకపచ్చ యొళ్లు, మెరుపు తగ్గిన జరీయంచు. మడతల నడుమ ఎండిన వేపాకు లుండెను.

“అమ్మాయ్, ఆనాడు నువ్వు మూటకట్టినప్పుడు ఇదొకటి తీసి దాచాను. ఎప్పుడైనా అడుగుతావేమో అని చూశాను” అనిరి. నాకు నోట మాట రాలేదు. ఇన్నియేండ్లు ఆమె ఒక్కనాడును నన్ను దెప్పలేదు.

ఆ చీర గట్టుకొని ఆటో యెక్కితిని. ఫాల్గుణమునకు ముందే పల్నాటి యెండ చుఱ్ఱుమనుచుండెను. పూవులచీరయైనచో దారిలోనే చెమటకు ఒంటికి అంటుకొనెడిది. ఇది గాలి తగిలినప్పుడెల్ల కదలి చల్లబరచుచుండెను. నడచుటకు, క్యూలో నిలుచుటకు, గుడిమెట్లమీద కూర్చుండుటకు ఎట్టి యిబ్బందియు లేదు. కొంతసేపటికి చీర సంగతియే మరచితిని.

చేజర్ల కపోతేశ్వరాలయమును చూడనివారు తప్పక చూడవలెను. మనము సాధారణముగా చూచు చతురస్రపు గర్భాలయము గాదది. వెనుకభాగము గుండ్రముగా తిరిగి, పైకప్పు ఏనుగు వీపువలె నుండును, గజపృష్ఠాకారమందురు. ఇది మొదట బౌద్ధచైత్యమని, క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దముల నాటిదని, తరువాత శివాలయమైనదని చరిత్రజ్ఞులు చెప్పుదురు. మహారాష్ట్రములోని తేరు గ్రామమునందలి త్రివిక్రమాలయము ఇట్టిదే. ఆనందగోత్రులైన రాజుల శాసన మిచట గలదు. లోపలి దైవము మారినను, పూజావిధి మారినను, ఆ యిటుకకట్టు రూపు చెడలేదు. క్రొత్తగా వచ్చినవారు పాతదానిని పడగొట్టక తమదిగా జేసికొనిరి. అమ్మ చీర గట్టుకొని ఆ గుండ్రని గోడచుట్టు ప్రదక్షిణము చేయుచుండగా నాకీ సంగతి మఱిమఱి తోచినది.

స్థలపురాణము శిబిచక్రవర్తి కథ. డేగకు భయపడి శరణుజొచ్చిన పావురమునకు సరితూగు మాంసమును రాజు తన దేహమునుండి కోసి త్రాసులో వేసెను. ఎంత వేసినను పావురము తట్టయే బరువుగా నుండెను. తుదకు తానే త్రాసెక్కెను. లింగముమీది గుంటలు ఆ కోతల గుర్తులేయని ఇచటివారు చెప్పుదురు. ఈ కథ మహాభారతమున నున్నది. బౌద్ధుల జాతకకథలలోను శిబికథ గలదు. నాకా గర్భగుడి ముందు నా త్రాసు గుర్తువచ్చినది. శిబి ఒక ప్రాణమును గాచుటకు తూచెను. నేను నలుగురి చూపులకు సరితూగవలెనని పాలడబ్బులు వేసితిని, భర్త నమ్మకము వేసితిని, అమ్మ చీరలు వేసితిని, త్రాసు లేవలేదు. ఎవరి చూపులకై వేసితినో వారు మరునాడే మరచియుందురు.

ఆ వేసవి సెలవులలో మావారిని అడిగి, ఇద్దరము మంగళగిరికి పోతిమి. ఈసారి దాపరికము లేదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు కట్టించిన పదకొండంతస్తుల గాలిగోపురమును దర్శించి, నేతగాండ్ర వీధికి పోతిమి. ఒక యింట గుంటమగ్గమును జూచితిని. నేతగాడు గోతిలో కాళ్లు పెట్టి కూర్చుండి, కాళ్లతో తొక్కుడుకఱ్ఱలను త్రొక్కుచు, చేతితో నాడెను నడుపుచుండెను. ఆయన భార్య ప్రక్కన కండెలు చుట్టుచుండెను. 80 నంబరు నూలు పడుగునకును పేకకును వాడుదుమని, ఒంటిలో బుటాలు వేయమని, అందము నేతలోను అంచులోను నుండవలెనని ఆయన చెప్పిరి. నిజాము అంచను జరీయంచు ఈ యూరికి పేరు తెచ్చినది. నేను అమ్మ చీర చెంగును జూపితిని. ఆయన వ్రేళ్లతో నలిపి చూచి, “ఇది చేతినేత. ఇంకా పదేళ్లు కడతారమ్మా” అనిరి. మిగిలిన మూడును ఏమైనవని ఆయన అడుగలేదు, అడిగియున్నచో చెప్పలేకపోయెడిదానను.

అచట రెండు చీరలు కొంటిని. ఒకటి ముదురునీలము, ఒకటి ఇటుకరంగు. అవి నా చాయకు తగినవి. నా పొట్టితనమునకు సన్ననియంచు చాలును. అప్పటినుండి నాకై కొన్ని నియమములు పెట్టుకొంటిని. అవి అందరికి శాసనములని కాదు; ఎవరికైన ఉపకరింపవచ్చునని వ్రాయుచున్నాను.

చీర కొనుటకు ముందు దానిని అంగడి దీపములక్రింద గాక పగటివెలుతురులో ముఖమువద్ద పెట్టుకొని చూడవలెను. మన మొగము కళకళలాడినచో అది మన రంగు. చీరయే కళకళలాడి మొగము మాసినట్లుండినచో అది పరులరంగు. గుప్పిట నలిపి విడిచి చూడవలెను. చెమటయెండల సీమలో గాలి చొరని బట్ట ఎంత మెరసినను వ్యర్థము. అది కట్టుకొని నేలమీద కూర్చుండగలనా, బిడ్డ నెత్తుకొనగలనా, బస్సెక్కగలనా యని అడుగుకొనవలెను. ఇంటనున్న రవికలలో రెండింటికైన అది జత కుదురవలెను. చేతినేత నూలుచీరను మొదటిసారి ఉప్పునీట నానబెట్టి, విడిగా జాడించి, నీడను ఆరవేయవలెను. పలుచని గంజి పెట్టినచో మడతలు నిలుచును. ధరను ఒక్క చీర ధరగా గాక, ఎన్నిమారులు కట్టుదునని లెక్కించి చూడవలెను. నా రాళ్లచీరను మూడుమారులు కట్టితిని. అమ్మ చీరను అమ్మ ఎన్నిమారులు కట్టెనో, నేనెన్నిమారులు కట్టితినో లెక్కకు రాదు. తుదకు, ఇంటివారితో చెప్పలేని వెల ఏ చీరకును ఇయ్యరాదు.

1905వ సంవత్సరము ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీయుద్యమము ఆరంభమైనది. ఆ జ్ఞాపకార్థము 2015నుండి ఆ దినమును జాతీయ చేనేతదినముగా జరుపుచున్నారు. ఒక్కనాడు కట్టి ఫొటో దిగినంతమాత్రమున నేతగాని కడుపు నిండదు. ఏడాదికి ఒక్కటియైనను మనకు తగినది చూచి కొనినచో మన బీరువాకును, ఆ గుంటమగ్గమునకును మేలు.

ఇక మా యమ్మాయి మాట. దానికిప్పుడు పదునాలుగేండ్లు. నా నూలుచీరలను మెచ్చుకొనునుగాని తాను మాత్రము చుడీదారులు కూడ వదలి జీన్సు ప్యాంటు కావలెనని పోరు పెట్టినది. నాకు మొదట మనస్కరింపలేదు. మా యత్తగారేమందురో, ఊరివారేమందురో యని వెనుకాడితిని. అంతలో మరల నేను ఆ పాతత్రాసునే ఎత్తుచున్నానని తోచినది. 1923లో కాకినాడ కాంగ్రెసునాడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున నిలిచి, టిక్కెట్టు లేనిదే లోనికి పోరాదని జవాహరులాలు నెహ్రూగారినే ఆపిన దుర్గాబాయమ్మగారికి అప్పటికి పదునాలుగేండ్లే. పదునాలుగేండ్ల పిల్లకు తనదైన మనసుండదని ఎట్లనగలము?

దానిని కూర్చుండబెట్టి, “ఎవరిని జూచి అడుగుచున్నావు?” అంటిని. అది కొంత యాలోచించి, “సైకిలు తొక్కేటప్పుడు చున్నీ చక్రంలో పడుతోందమ్మా. పోయిన నెల రెండుసార్లు పడబోయాను” అనినది. నాకు మారుమాట లేకపోయెను. అది నాతో చెప్పలేదు, నేను చూడలేదు. మరునాడే మావారు దానిని పేటకు తీసికొనిపోయిరి. మా యత్తగారు దానిని ఎగాదిగ జూచి, “జేబులున్నాయే! మంచిదే. బస్సు డబ్బులు కొంగున కట్టక్కర్లేదు” అనిరి.

మొన్న శివరాత్రికి మేము ముగ్గురము మరల చేజర్లకు పోతిమి. అత్తగారు తమ గళ్లచీరలో, నేను అమ్మ చీరలో, పిల్ల తన ప్యాంటులో. దారిలో మిరపచేల వద్ద కోతకు వంగిన స్త్రీల చొక్కాలు తెల్లగా, నీలముగా, బూడిదరంగుగా కానవచ్చెను. వారిలో మా పెరటిపని యామె నన్ను గుర్తుపట్టి చేయెత్తినది. చొక్కా క్రిందుగా వంగపండురంగు కుచ్చెళ్లు కనబడెను. నేనును చేయెత్తితిని.

అమ్మ చీరకు చెంగువద్ద చిన్నచిరుగు పడినది. ఈ వారము కూర్చుండి రఫూ చేయవలెను.